నోటికి మంచిదైతే ఊపిరికి మంచిదా?



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. చదివి కోపం వస్తే కింద రాయండి, లేదా ఆదివారం మీటింగులో నా ముఖం మీదే అడగండి. సగం చదివి "మళ్లీ మొదలుపెట్టిండు" అని మాత్రం వదిలేయకండి. ఇది మన పిల్లల సంగతి.

మొన్న పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలకు సత్కారం చేసుకున్నాం కదా. శాలువాలు, కొబ్బరికాయలు, ఫోటోలు అన్నీ అయ్యాక కుర్చీలు లెక్కపెట్టి అప్పజెప్పడానికి నేను హాలు వెనక్కి వెళ్లాను. మెట్ల దగ్గర మామిడిపండు వాసన గుప్పుమంది. ఎవరో పండ్లు కోస్తున్నారేమో అనుకున్నాను. చూస్తే మన పిల్లలే నలుగురు నిలబడి ఉన్నారు. ఒకడి చంకలో మనం ఇచ్చిన మెమెంటో, చేతిలో రంగు స్కెచ్ పెన్ను లాంటిది ఒకటి. నన్ను చూడగానే జేబులో పెట్టేశాడు.

"ఏంది తమ్మీ అది?" అన్నాను.

"ఏం లేదు కాకా, వేప్. ఉట్టి ఫ్లేవరే. నికోటిన్ లేదు."

ఆ పిల్లవాడి పేరు రాయను. ఎవరూ అడగొద్దు, ఊహించొద్దు. వాడు దాన్ని ఎక్కడ కొన్నాడో చెప్పాడు. అది మన సంఘం సభ్యుడి దుకాణమే. ఆ పేరు కూడా ఇక్కడ రాయను. కానీ పదాధికారులకు ఆ రాత్రే చెప్పాను. వాళ్లకు తెలుసు.

నాకు వచ్చిన జవాబులు మూడు. "అది పొగ కాదు, ఆవిరి" అని ఒకరు. "తినే ఫ్లేవరే కదా, ఐస్‌క్రీములో వేసేదే, ఏం కాదు" అని ఇంకొకరు. "ఇది బయట అనకు, సంఘం పరువు పోతది" అని మూడో పెద్దమనిషి. మూడు వారాలు ఆగాను. మీటింగు ఎజెండాలో ఈ విషయం రాలేదు. అందుకే మూడింటికీ ఇక్కడ జవాబు రాస్తున్నాను.

మొదటిది: పొగ కాదు, ఆవిరి.

వేడి పెనం మీద నీళ్లు చల్లితే లేచేది ఆవిరి. ఈ గొట్టంలో ఉన్నది నీళ్లు కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు ద్రవాలు, వాటిలో కలిపిన ఫ్లేవర్ రసాయనాలు, చాలావరకు నికోటిన్ కూడా. చిన్న తీగచుట్ట వేడెక్కి ఈ ద్రవాన్ని సన్నని తుంపరగా మారుస్తుంది. పిల్లవాడు పీల్చేది ఆ తుంపరను. ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లేంత సన్నని తుంపర అది. తీగ ఎక్కువ వేడెక్కితే ఆ ద్రవాలే విరిగి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి పుడతాయి. ఎక్రోలిన్ అంటే ఏదో పరాయి వస్తువు అనుకోకండి. మూకుడులో నూనె మాడితే కళ్లు, గొంతు మండుతాయి చూడండి, ఆ మంటలో దాని పాత్ర ఉంది. నూనె మాడితే మనం కిటికీ తెరుస్తాం. ఇక్కడ పిల్లలు నోరు తెరుస్తున్నారు.

రెండోది: తినే ఫ్లేవరే కదా.

అసలు మోసం అంతా ఈ మాటలోనే ఉంది. కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే చెప్తాను. ఎండుమిరపకాయ తొక్కులో వేసుకుని లొట్టలేసుకుంటూ తింటాం. అదే మిరపకాయ పోపులో మాడితే ఇల్లంతా దగ్గుతుంది, పక్కింటి వదినె కూడా దగ్గుతుంది. కాయ అదే, మనుషులూ అదే. దారి వేరు. నోటి దారిన పోయేదానికి కడుపులో ఆమ్లం ఉంది, ఆ తర్వాత కాలేయం ఉంది. విరగ్గొట్టడానికి, వడకట్టడానికి శరీరానికి ఏర్పాట్లు ఉన్నాయి. ఊపిరి దారిన పోయేదానికి అంత వడపోత లేదు. అడుగున ఉన్నది చాలా పలచని పొర, దాని అవతల నేరుగా రక్తం.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అమెరికాలో ఫ్లేవర్లు తయారుచేసే కంపెనీలకు ఒక సంఘం ఉంది. ఆహారంలో ఏ ఫ్లేవర్ సురక్షితమో తేల్చేది వాళ్లే. తాము ఇచ్చే ఆ ముద్ర తినడానికి మాత్రమేనని, పీల్చడానికి వర్తించదని, దాన్ని చూపించి వేప్ సురక్షితమని చెప్పుకోవద్దని ఆ సంఘమే ప్రకటించింది. అమ్ముకునేవాళ్లే ఆ మాట అంటుంటే, షోలాపూర్‌లో కూర్చుని "ఏం కాదు" అని హామీ ఇవ్వడానికి మనమెవరం?

ఇక పాప్‌కార్న్ కథ. పేరు చాలామంది విన్నారు, జరిగింది తెలిసినవాళ్లు తక్కువ. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే ఒక కార్ఖానా ఉంది. 2000లో ఆ కార్ఖానాలో అంతకుముందు పనిచేసిన 8 మందికి ఊపిరితిత్తుల్లో ఒకే రకం అరుదైన జబ్బు ఉన్నట్టు అక్కడి ఆరోగ్య శాఖకు కబురు అందింది. ఊపిరితిత్తుల్లో అతి సన్నని గాలి గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయే జబ్బు. డాక్టర్లు బ్రాంకియోలైటిస్ ఆబ్లిటెరన్స్ అంటారు. వాళ్లలో కొందరు ఊపిరితిత్తుల మార్పిడి కోసం వరుసలో ఉన్నారు. ఒకసారి మచ్చకట్టిన గొట్టం మళ్లీ మామూలు కాదు.

వాళ్లు ఏ విషవాయువూ పీల్చలేదు. వెన్న వాసన పీల్చారు. వేడి నూనె తొట్టిలో వెన్న ఫ్లేవర్ కలిపేవాళ్లు, ఆ దగ్గర్లో పనిచేసేవాళ్లు రోజూ పీల్చిన డయాసిటైల్ అనే రసాయనం మీదికి వేలు వెళ్లింది. అదే డయాసిటైల్ వెన్నలో సహజంగానే కొంచెం ఉంటుంది, తింటే ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ పనిచోట గాలిలో దానికి సూచించిన హద్దు ఎంతో తెలుసా? వంద కోట్ల భాగాల గాలిలో 5 భాగాలు. కంపెనీలు డయాసిటైల్ బదులు పెంటేన్‌డయోన్ అనే దాని దాయాదిని తెచ్చాయి. ఎలుకల మీద పరీక్షిస్తే అది కూడా గాలి గొట్టాలను దెబ్బతీసింది.

ఇప్పుడు వేప్‌కు వద్దాం. 2015లో హార్వర్డ్ పరిశోధకులు మార్కెట్‌లో దొరికే 51 ఫ్లేవర్లు తెచ్చి పరీక్షించారు. డయాసిటైల్ 39లో ఉంది. డయాసిటైల్, పెంటేన్‌డయోన్, ఎసిటోయిన్ అనే మూడింటిలో ఏదో ఒకటైనా 47లో ఉంది. వెన్న వాసనవే కాదు, పండ్ల వాసనవి, మిఠాయి వాసనవి కూడా అందులో ఉన్నాయి.

డయాసిటైల్ లేకపోతే సరేనా? దాల్చినచెక్క వాసన ఇచ్చే సిన్నమాల్డిహైడ్‌ను శ్వాసనాళం కణాల మీద పరీక్షిస్తే, కఫాన్ని పైకి ఊడ్చే సన్నని వెంట్రుకలు కొంతసేపు ఊడ్చడమే మానేశాయి. వెనిల్లా, చెర్రీ వాసనలిచ్చే రసాయనాలు సీసాలో ఊరికే కూర్చోవు, ప్రొపిలీన్ గ్లైకాల్‌తో కలిసి కొత్త పదార్థాలుగా మారతాయని, అవి శ్వాసనాళాన్ని రేపగలవని 2018లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. అంటే కలిపినవాడికి కూడా తాను అమ్ముతున్న సీసాలో చివరికి ఏముందో తెలియదు.

2019లో అమెరికాలో ఏం జరిగిందో గుర్తుందా? వేప్ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రుల పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది. అందులో మరణాలు 68. ప్రధాన కారణంగా తేలింది విటమిన్ ఇ ఎసిటేట్. ఎక్కువగా గంజాయి సారం ఉన్న దొంగ సరుకులో చిక్కదనం కోసం దాన్ని కలిపారు. విటమిన్ ఇ మనం గోళీగా మింగుతాం, ముఖానికి రాసుకుంటాం. మింగితే మందు, రాసుకుంటే క్రీము. పీలిస్తే ప్రాణం తీసింది. "తినేదే కదా" అనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. "వేప్ తాగితే పాప్‌కార్న్ లంగ్ ఖాయం" అని మన గ్రూపులోనే ఒక ఫార్వర్డు తిరుగుతోంది. అది కూడా అబద్ధమే. వేప్ తాగేవాళ్లు గుంపులుగా ఆ జబ్బుతో పడిపోయిన దాఖలా లేదు. కెనడాలో ఫ్లేవర్ ద్రవాలు, గంజాయి సారం కలిపి విపరీతంగా పీల్చిన 17 ఏళ్ల కుర్రవాడికి ప్రాణం మీదికి వచ్చింది. పాప్‌కార్న్ కార్మికుల జబ్బును పోలిన జబ్బు అది. డాక్టర్లు డయాసిటైల్‌ను అనుమానించారు తప్ప రుజువైందని అనలేదు. సిగరెట్ పొగలో డయాసిటైల్ ఇంకా ఎక్కువే ఉంటుంది. బ్రిటన్‌లో సిగరెట్ మానలేని పెద్దవాళ్లకు వేప్‌కు మారమని డాక్టర్లే చెప్తారు. అది కూడా నిజమే. కానీ అక్కడ 2016 నుంచి వేప్ ద్రవాల్లో డయాసిటైల్ కలపనివ్వరు, సీసాలో ఏముందో ప్రభుత్వానికి ముందే చెప్పాలి. ముప్పై ఏళ్లు సిగరెట్ తాగినవాడికి అది ఒక మెట్టు దిగడం. మన పిల్లవాడు జీవితంలో సిగరెట్ ముట్టలేదు. వాడు దిగడం లేదు, ఎక్కుతున్నాడు.

నేను డాక్టరును కాను. మన పిల్లల ఊపిరితిత్తులు పాడైపోయాయని అనడం లేదు. నేననేది ఒక్కటే. "ఏం కాదు" అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఇరవై ఏళ్లు రోజూ మామిడిపండు వాసన రసాయనం పీలిస్తే ఏమవుతుందో తేల్చే పరీక్ష ఇప్పుడు జరుగుతోంది. ఆ పరీక్షలో ఎలుకలు మన పిల్లలు.

ఇంకొకటి. ఆ ఫ్లేవర్ ఎవరి కోసం పెట్టారు? అరవై ఏళ్ల తాత బబుల్‌గమ్ వాసన అడిగాడా? అమెరికాలో 2023 ప్రభుత్వ సర్వేలో వేప్ తాగే బడిపిల్లల్లో ప్రతి 10 మందిలో దాదాపు 9 మంది ఫ్లేవర్ ఉన్నవే తాగుతున్నారు. గాలానికి ఎర గుచ్చినట్టు నికోటిన్‌కు ఫ్లేవర్ గుచ్చారు. "నికోటిన్ లేదు" అని మనవాడు అన్నాడు కదా. ఆ పిల్లవాడే పది రోజుల తర్వాత నా దగ్గరికి వచ్చాడు. మానేద్దామనుకుంటే తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టడం లేదన్నాడు. ఉట్టి మామిడిపండు వాసన మానేస్తే తలనొప్పి ఎందుకు వస్తుంది? సీసా మీద నికోటిన్ సున్నా అని రాసి లోపల నికోటిన్ ఉన్న సరుకు వేరే దేశాల పరీక్షల్లో దొరికింది. మన దగ్గర పరీక్షించేవాడే లేడు.

ఎందుకు లేడో చెప్తాను. 2019 సెప్టెంబరు 18న కేంద్ర ప్రభుత్వం ఈ-సిగరెట్లను నిషేధించింది, అదే ఏడాది చట్టం చేసింది. ఆ చట్టంలోని నిర్వచనం చదవండి: నికోటిన్ ఉన్నా లేకున్నా, ఫ్లేవర్ ఉన్నా లేకున్నా, వేడిచేసి పీల్చే పరికరం అయితే చాలు. కాబట్టి "నికోటిన్ లేనిది అమ్ముకోవచ్చు" అని ఆ దుకాణదారు చెప్పేది వట్టి మాట. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచినా 6 నెలల దాకా జైలు ఉంది. తాగినవాడిని శిక్షించే సెక్షన్ అందులో లేదు. కాబట్టి పిల్లల పేరు పోలీసు కేసులోకి వెళ్తుందని తల్లిదండ్రులను భయపెట్టి నోరు మూయించకండి.

చట్టం ఉంది కాబట్టి సరుకు లేదనుకునేవాళ్లకు ఒక్క ప్రశ్న. గుట్కా మన రాష్ట్రంలో 2012 నుంచి నిషేధం. ఏ టపరీలో దొరకదో చెప్పండి. నిషేధం ఉన్న సరుకు చాటుగా వస్తుంది. చాటుగా వచ్చేదానికి కంపెనీ చిరునామా ఉండదు, కలిపినవాడి పేరు ఉండదు. మిస్సోరీ కార్ఖానాకు కనీసం తలుపు ఉంది, అధికారులు లోపలికి వెళ్లి గాలి కొలిచారు. మన ట్యూషన్ గల్లీలో అమ్మే గొట్టానికి ఏ తలుపు తట్టాలి?

మూడోది: సంఘం పరువు.

అన్నా, పరువు పోయేది నేను రాసినందుకు కాదు. మెమెంటో ఇచ్చిన చేత్తోనే, ఆ పిల్లలకు ఈ సరుకు అమ్మే దుకాణం నుంచి స్మరణికకు యాడ్ తీసుకున్నాం కదా, పోయింది అక్కడ. చందా పుస్తకంలో ఆ పేరు ఉంది. పెద్ద మొత్తం కాబట్టి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రసీదు రాసింది నా చేయే. ఇందులో నా తప్పు కూడా ఉంది.

ఇక నాలుగో మాట. ఇది ఒక సభ్యుడు నాకు వేరుగా మెసేజ్ పెట్టాడు: "మనోళ్లు బీడీల మీదనే బతికిండ్రు. ఇయ్యాల నువ్వు పొగ గురించి నీతులు చెప్తవా?"

దీనికి జవాబు చెప్పకపోతే నేను రాసినదంతా దండగ.

అవును, బతికాం. షోలాపూర్ తూర్పు భాగంలో ఏ గల్లీలో అడిగినా ప్రతి రెండో ఇంట్లో బీడీలు చేసిన అమ్మో, అవ్వో, అత్తమ్మో ఉంటుంది. మగవాళ్లు కార్ఖానాలో మగ్గం మీద, ఆడవాళ్లు ఒళ్లో చేటతో గడప దగ్గర. మా అమ్మ కూడా అంతే. ఆకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం. వెయ్యి పూర్తి కావాలంటే పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా. ఆ చేట పక్కనే మేము చదువుకున్నాం, నిద్రపోయాం. ఇల్లంతా తంబాకు దుమ్ము. రాత్రిళ్లు దగ్గేది. టేకేదారును అడిగితే "దుమ్ముకు ఏం కాదు, అలవాటైతది" అనేవాడు.

ఏం కాదు! ఈ మాట ఎప్పుడూ దుమ్ము పీల్చనివాడే అంటాడు. టేకేదారు చేట ముందు కూర్చోలేదు. పాత మిల్లుల్లో దూది దుమ్ము పీల్చి, సెలవు తర్వాత పనికి వెళ్లిన రోజు ఛాతీ పట్టేసినా, దానికి బిసినోసిస్ అని ఒక పేరుందని మా తాతకు ఎవరూ చెప్పలేదు. పాప్‌కార్న్ కార్ఖానాలో తొట్టి కలిపిన కార్మికుడికీ అది తినే ఫ్లేవరే అని తెలుసు, అంతకుమించి చెప్పినవాడు లేడు. ఇప్పుడు అదే మాట మన సంఘంలో మన పెద్దల నోటి నుంచి, మన పిల్లల గురించి వస్తోంది.

మా అమ్మ ఆ దుమ్ము పీల్చింది మా ఫీజుల కోసం. వేరే పని దొరికితే చేటను ఆ రోజే పక్కన పెట్టేది. నేను బడికి పోయి, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ దగ్గు పుణ్యమే. మన ఆడవాళ్లు ఊపిరి అమ్మి పిల్లలను చదివించారు. ఆ చదువుకున్న పిల్లలకు పుట్టిన పిల్లలు ఇప్పుడు డబ్బులు ఇచ్చి మరీ ఊపిరి పాడుచేసుకుంటుంటే, "బీడీలు చేసిన జాతి" అని నా నోరు మూయిస్తారా? బీడీలు చేసిన జాతి కాబట్టే మనం మాట్లాడాలి. ఊపిరితిత్తుల్లోకి ఏది పోతే ఏమవుతుందో పుస్తకం చదవకుండా తెలిసిన సంఘం మనది.

కాబట్టి ఆదివారం మీటింగులో నేను అడగబోయేవి ముందే చెప్తున్నాను.

వేప్ అమ్మే ఏ దుకాణం నుంచీ సంఘం చందా గానీ యాడ్ గానీ తీసుకోకూడదని తీర్మానం రాయాలి. ఈ ఏడాది తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలి. ఆ సభ్యుడిని గ్రూపులో తిట్టడం నాకు ఇష్టం లేదు. ఇద్దరు పెద్దలు వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పాలి: సరుకు తీసెయ్యి, లేదంటే సభ్యత్వం గురించి ఆలోచించాల్సి వస్తుంది, ఆ తర్వాత ఫిర్యాదు కూడా వస్తుంది.

ఛాతీ డాక్టరును ఒకరిని పిలిచి మన హాల్లో తల్లిదండ్రులకు ఒక పూట కార్యక్రమం పెట్టాలి. తెలుగులో, మరాఠీలో రెండింట్లో. తల్లులకు ఈ వస్తువు ఎలా ఉంటుందో చూపించాలి. పెన్ డ్రైవ్‌లా, స్కెచ్ పెన్నులా ఉంటే బట్టలు ఉతికేటప్పుడు జేబులో దొరికినా గుర్తుపట్టరు. పిల్లల గదిలో ఊరికే పండ్ల వాసన వస్తే మురిసిపోకండి, అడగండి.

పిల్లలను కొట్టకండి. కొడితే మానడు, దాచుకుంటాడు. అలవాటు పడ్డవాడికి తలనొప్పి, చిరాకు నిజంగానే ఉంటాయి. పొగాకు మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు ఉంది: 1800 11 2356. అది గ్రూపులో పైన పిన్ చేయండి, మిఠాయి ఫోటోల కన్నా పనికొస్తుంది.

ఆ పిల్లవాడు నన్ను ఒక్కటే అడిగాడు: "కాకా, మా బాపుకు చెప్పొద్దు." నేను చెప్పలేదు. వారం రోజులు టైమిచ్చాను, నువ్వే చెప్పు, నేను పక్కన కూర్చుంటా అన్నాను. మొన్న శుక్రవారం చెప్పాడు. నేను పక్కనే కూర్చున్నాను. వాళ్ల బాపు పవర్‌లూమ్ మీద రాత్రి పాళీ చేసి వచ్చిన మనిషి. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. గొట్టం చేతిలోకి తీసుకుని వాసన చూసి, "మామిడిపండు లెక్కనే ఉన్నది" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పదహారేళ్ల పిల్లవాడు ధైర్యం చేసి ఇంట్లో చెప్పగలిగాడు. వందల మంది సభ్యులున్న సంఘం ఎజెండాలో ఒక్క లైను రాయలేదా?

ఆదివారం పది గంటలకు హాల్లో ఉంటాను. నేను రాసినదాంట్లో తప్పుంటే సరిదిద్దండి. లేకపోతే చెయ్యెత్తండి.